పడుకుని నేర్చే విద్య

రాత్రి రెండున్నరకి గౌయా లోయంతా నిద్రలో ఉంటుంది.
నేను గొట్టం భుజాన వేసుకుని
పదకొండో మలుపు దగ్గర మొదలుపెడతాను.
నీళ్ళు చిమ్మాలి, పోయకూడదు.
ఉల్లిపొర మందాన ఒక పూత,
అది గడ్డకట్టాక ఇంకొకటి.
నలభై పూతలకి వేలెడు మంచు.
ఇరవై ఆరేళ్ళుగా నా ఉద్యోగం ఇదే.

ఇల్గ్వర్స్ బడిలో భూగోళం చెబుతాడు.
నాలుగు దాటితే
మా ఊళ్ళో ఎవరూ టికెట్టు కొనని ఆటకి
పిల్లల్ని వెతుకుతాడు.
వెల్లకిలా పడుకుని, కాళ్ళు ముందుకి చాచి
మంచు కాలవలో జారే ఆట.
పొడుగు పిల్లలు బాస్కెట్‌బాల్ వాళ్ళ వాటా,
పళ్ళు ఊడినా నవ్వేవాళ్ళు హాకీ వాళ్ళకి,
మిగిలినవాళ్ళు మనవాళ్ళు, అంటాడు.
వాళ్ళని జిమ్ నేల మీద పడుకోబెట్టి
పక్కన ఇనప బకెట్టు ధడాలున పడేస్తాడు.
ఎవరి మెడ బిగిసిందో, ఎవరి పాదం వణికిందో
వంగి చూస్తాడు. అంతే పరీక్ష.

ఒక ఏడు ముప్పైమందిలో
బకెట్టు పడ్డాక కూడా పైకప్పు వంకే చూస్తూ
"సార్, అక్కడ పిచ్చుక గూడుంది" అంది ఒక పిల్ల.
విజ్మ. తొమ్మిదేళ్ళు. బేకరీ ఆవిడ కూతురు.
"పడుకుంటే కప్పులిస్తారా?
అయితే మా ఆయనకి ఎప్పుడో రావాల్సింది"
అంటూనే వాళ్ళమ్మ సంతకం పెట్టింది.

వేసవిలో మంచుండదు.
స్లెడ్జికి చక్రాలు బిగించి
సమాధుల తోట పక్క తారురోడ్డు మీద జారుతారు.
మలుపుల్లో గడ్డిమోపులు, పాత టైర్లు.
పాలవ్యాను వస్తే ఇల్గ్వర్స్ ఎర్రగుడ్డ ఊపుతాడు,
డ్రైవరు ఇంజనాపి సిగరెట్టు ముట్టించుకుంటాడు.
మోచేతులు గీరుకుపోయిన ఎనిమిదిమంది
స్లెడ్జిలు వీపునేసుకుని మళ్ళీ ఎక్కుతారు.
దిగడం నలభై సెకన్లు,
ఎక్కడం ఇరవై నిమిషాలు.

"కుడిపిక్కతో చెప్పు. గట్టిగా కాదు,
నిద్రపోయేవాళ్ళ చెవిలో చెప్పినట్టు."
"చూడకు. చూస్తే తల లేస్తుంది,
తల లేస్తే గాలి పట్టుకుంటుంది."
విజ్మ మొదటి చలికాలం తొమ్మిదిసార్లు బోల్తాపడింది.
పడ్డచోట లేచిన పెచ్చుల్ని
రాత్రికి నేను పూడ్చాను.
ఏ మలుపులో ఏ పిల్ల భయపడిందో
కోచ్ కంటే ముందు నాకే తెలుస్తుంది.

పోయినేడు రాజధాని నించి కాగితం వచ్చింది.
పిల్లలెందరు? పతకాలెన్ని?
పతకం ఒక్కింటికి కరెంటు ఖర్చెంత?
ఇల్గ్వర్స్ ఎనిమిది అని రాసి, కొట్టేసి, ఏడు చేశాడు.
ఆ వారమే తాలిస్ బాస్కెట్‌బాల్‌కి వెళ్ళిపోయాడు,
ఒక్క చలికాలంలో జానెడు పెరిగి.
పతకాల గడిలో సున్నా పెట్టి
మరీ గుండ్రంగా వచ్చిందే అని నవ్వాడు.
ఖర్చు గడి నేను నింపాను,
మీటరు చూసి, ఉన్నదున్నట్టు.
పెద్ద అంకె. సిగ్గేసింది.

ఈ ఫిబ్రవరిలో విజ్మ జర్మనీ వెళ్ళింది,
పదిహేనేళ్ళ పిల్ల, అరువు హెల్మెట్టుతో.
పంతొమ్మిదో స్థానం.
మొదటి పిల్లకీ తనకీ మధ్య సెకను కూడా లేదు,
సెకనులో ముప్పాతికకి కాస్త ఎక్కువ.
"రెప్పపాటే కదమ్మా" అన్నారు టీ దగ్గర అందరూ.
విజ్మ ఒప్పుకోలేదు.
"రెప్పపాటు కాదు. నాలుగో మలుపులో
తల ఎత్తి చూశాను."
అని, చేతిలో బన్ను తినేసింది.

నిన్న రాత్రి మా నాలుగో మలుపు దగ్గర టార్చి వెలుగు.
గ్లౌజు తీసి, మంచు మీద అరచెయ్యి పెట్టి కూర్చునుంది.
"ఇక్కడ పూత పలచగా ఉంది" అంది.
ఉంది.
మొన్న నడుంనొప్పికి ఒక పూత ఎగ్గొట్టాను.
ఇరవై ఆరేళ్ళలో కనిపెట్టినవాళ్ళు లేరు.

మార్చి దాకా కరెంటుకి డబ్బుందిట.
గొట్టం ఆమె చేతికిచ్చాను.
చిమ్ము, పోయకు, అన్నాను.